మంచు కొండల్లో పొగ లెక్క: గాలిని కొలిచి, కార్లను కొండ కిందే ఆపడం ఎలా?

చలికాలం శనివారం రాత్రి పాడేరు వైపు బారులు తీరే కార్లకూ, తెల్లవారి వంజంగి కొండ మీద నుంచి కనిపించే మేఘసముద్రానికీ దగ్గరి చుట్టరికం ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా ఆకాశం నిర్మలంగా ఉండే రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి బరువు కనుక వాలు వెంట జారి లోయలోకి దిగుతుంది. దానిపైన కాస్త వెచ్చని గాలి పొర గిన్నె మీద మూతలా పడుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఉష్ణ విలోమం అంటారు. ఆ మూత కింద తేమ చిక్కబడి పొగమంచు అవుతుంది. కొండెక్కి పైనుంచి చూసేవారికి అదే సముద్రం.

మూత తేమను ఆపినట్టే పొగనూ ఆపుతుంది. మధ్యాహ్నం వందల మీటర్ల ఎత్తు దాకా చెదిరిపోయే పొగ, తెల్లవారుజామున నాలుగింటికి లోయ అడుగునే తిరుగుతుంది. సూర్యోదయం చూడాలంటే జనం బయలుదేరేది సరిగ్గా ఆ వేళకే. అంటే పొగ పోయే దారి మూసుకున్న గంటల్లోనే కార్లన్నీ ఘాట్ ఎక్కుతున్నాయి. పగలు వంద కార్లు చేసే నష్టం వేరు, ఆ వేళ చేసే నష్టం వేరు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, లంబసింగి కొండలను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. పంచాయతీ సభ్యులు, హోమ్‌స్టే నడిపేవారు, జీపు యజమానులు, కళాశాల అధ్యాపకులు, విశాఖ నుంచి బృందాలను తీసుకెళ్లే నిర్వాహకులు కలిసి కూర్చుంటే ఈ పని చేయగలరు. ఇదే వరుస వికారాబాద్ అనంతగిరికీ, హార్స్‌లీ హిల్స్‌కూ పనికొస్తుంది. ముందు కొలత, తర్వాత బస్సు, ఆఖరున గేటు. మన దగ్గర చాలాచోట్ల ఇది తిరగబడుతుంది. ముందు గేటు పడుతుంది, గొడవ అవుతుంది, వారానికి గేటు లేస్తుంది, కొలిచిన వారు ఎవరూ ఉండరు.

మొదటి అడుగు: పటం గీయండి

ఒక పెద్ద కాగితం మీద కొండకు వచ్చే రోడ్లన్నీ గీయండి. లంబసింగికి నర్సీపట్నం వైపు నుంచి ఘాట్, చింతపల్లి వైపు నుంచి మరో దారి. అరకుకు విశాఖ నుంచి అనంతగిరి మీదుగా ఒకటి, పాడేరు నుంచి ఒకటి, ఒడిశా వైపు నుంచి ఇంకొకటి. ఏ దారినైనా వదిలేసి మిగతావి ఆపితే వాహనాలన్నీ వదిలేసిన దారికే మళ్లుతాయి.

అదే పటం మీద పొగ వచ్చే చోట్లన్నీ గుర్తు పెట్టండి. ఇళ్లలో కట్టెల పొయ్యిలు, గుడారాల దగ్గర చలిమంటలు, హోటళ్ల జనరేటర్లు, వేసవి మొదట్లో పోడు కోసం పెట్టే మంటలు, కంకర రోడ్ల దుమ్ము, మైదానం నుంచి ఎక్కివచ్చే పొగ. గాలికి మండలం సరిహద్దు తెలియదు. అందుకే తాజ్‌మహల్‌ను పొగ నుంచి కాపాడటానికి ఒక్క ఆగ్రాను కాకుండా 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఒకటిగా తీసుకుని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన్యానికి అంత పటం అక్కర్లేదు కానీ, ఒక్క వ్యూ పాయింట్ చుట్టూ గీత గీసుకుని కూర్చుంటే లాభం లేదు.

రెండో అడుగు: ఏం కొలవాలో తేల్చుకోండి

ముఖ్యమైనవి మూడు. ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్న ధూళి పీఎం 2.5. దానికంటే ముతకది, రోడ్డు దుమ్ము ఎక్కువగా ఉండేది పీఎం 10. ఇంజిన్ల నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, పీఎం 10 అయితే 100, నైట్రోజన్ డయాక్సైడ్ 80 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన పరిమితులు చాలా కఠినం: వరుసగా 15, 45, 25. మన ప్రమాణం లోపల ఉన్నామని చేతులు దులుపుకునే ముందు రెండో వరుస అంకెలు కూడా చూడండి.

రోజు సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. మీ సమస్య తెల్లవారుజామున రెండు మూడు గంటలది. మధ్యాహ్నపు శుభ్రమైన గాలితో కలిపి సగటు తీస్తే అది మాయమవుతుంది. అందుకని గంటగంట లెక్క తప్పనిసరి.

నగరాల్లో అయితే కాలుష్య నియంత్రణ మండలి యంత్రాలు ఉంటాయి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖపట్నం, విజయవాడ సహా ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలు ఉన్నాయి. అరకు, పాడేరు, లంబసింగి ఆ జాబితాలో లేవు. అందువల్ల ఆ నిధుల కోసం ఎదురుచూడకుండా సొంతంగా మొదలుపెట్టడమే మంచిది.

మూడో అడుగు: సెన్సర్ పెట్టండి, కానీ మంచును నమ్మకండి

ఈ మార్గదర్శిలో నెమ్మదిగా చదవాల్సిన భాగం ఇదే.

మార్కెట్లో దొరికే చౌక సెన్సర్లు లేజర్ కాంతిని గాలిలోకి పంపి, కణాలకు తగిలి చెదిరిన వెలుగును బట్టి ధూళిని అంచనా కడతాయి. గాలిలో తేమ 80 శాతం దాటితే ధూళి కణం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. సెన్సర్‌కు అది పెద్ద కణంలా కనిపిస్తుంది. పొగమంచు దిగితే చెప్పనక్కర్లేదు, నీటి బిందువులను కూడా ధూళి కింద లెక్కేస్తుంది. వంజంగి కొండ మీద సెన్సర్ పెట్టి తెల్లవారి ఫోనులో చూస్తే అంకె ఢిల్లీని మించిపోయి కనిపించవచ్చు. ఆ తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే రెండు రోజుల్లో అసలు విషయం తెలిసినవారు ఎవరో ఒకరు ఉతికి ఆరేస్తారు. అక్కడితో మీ ఉద్యమం పని అయిపోతుంది.

తేమ ఎక్కువున్న గంటలను పక్కన పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. మైదానంలో అది సరిపోతుంది. ఇక్కడ మంచు గంటలు తీసేస్తే కార్లు వచ్చే గంటలే పోతాయి. దీనికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది, గాలి లోపలికి వెళ్లే గొట్టాన్ని కొద్దిగా వేడిచేసే ఏర్పాటు. ప్రభుత్వ కేంద్రాల్లోని పెద్ద యంత్రాలు ఇలాగే తేమను ఆరబెట్టి కొలుస్తాయి. చిన్న సెన్సర్‌కు కూడా ఈ అమరిక చేయించవచ్చు. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు. కరెంటు ఎక్కువ తింటుంది కనుక సౌర పలక ఒక్కదాని మీద నడవకపోవచ్చు.

రెండోది, మంచు తాకని దాన్ని కొలవడం. నైట్రోజన్ డయాక్సైడ్‌కు పాసివ్ ట్యూబులు వాడతారు. వేలెడంత గొట్టం, పైకొనలో రసాయనం పూసిన జాలీ, కింది కొన తెరిచి ఉంటుంది. స్తంభానికి కట్టి రెండు మూడు వారాల తర్వాత మూత పెట్టి ప్రయోగశాలకు పంపాలి. కరెంటు వద్దు, సిగ్నల్ వద్దు. అయితే అది ఆ వారాలన్నిటి సగటే ఇస్తుంది, గంటల లెక్క ఇవ్వదు. ఘాట్ మలుపు దగ్గర ఒకటి, రోడ్డుకు దూరంగా కాఫీ తోటలో ఒకటి కడితే తేడా కళ్లకు కడుతుంది. అంతరం పెద్దదైతే అది ఇంజిన్ల పనే.

మూడోది అన్నిటికంటే చౌక. తేమ ఒకేలా ఉన్న రోజులనే పోల్చడం. ఆదివారం తెల్లవారుజామున 95 శాతం తేమలో వచ్చిన అంకెను బుధవారం అదే వేళ, అంతే తేమలో వచ్చిన అంకెతో పోల్చండి. సెన్సర్ రెండు రోజులూ ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి అంకెను నమ్మకుండా తేడాను చూడండి. పొగమంచు ఎంత చిక్కగా ఉందో కూడా ఒకేలా ఉండాలి కనుక ఒకటి రెండు జతలతో తీర్పు చెప్పకండి. ఇందుకోసం తేమ, ఉష్ణోగ్రత నమోదు చేయని సెన్సర్‌ను కొననే కొనకండి.

ఇంకో సంగతి. ఈ లేజర్ సెన్సర్లు పీఎం 10 అంకెను కూడా చూపిస్తాయి కానీ అందులో ఊహే ఎక్కువ. ముతక దుమ్మును అవి సరిగా చూడలేవు. రోడ్డు దుమ్ము మీ ప్రధాన సమస్య అయితే వడపోత కాగితం మీద ధూళిని పట్టి తూచే పాత పద్ధతి యంత్రం కావాలి. కళాశాలనో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్నో అడగండి.

సెన్సర్లు వచ్చాక నేరుగా కొండకు పట్టుకుపోకండి. వారం రోజులు అన్నిటినీ ఒకే డాబా మీద పక్కపక్కన పెట్టండి. ఒకే గాలికి ఒకటి 40, ఇంకొకటి 55 చూపిస్తుంటే ఆ తేడా రాసుకోండి, తర్వాత సరిదిద్దుకోవాలి. వీలైతే అనుమతి తీసుకుని విశాఖలోని అధికారిక కేంద్రం పక్కన రెండు వారాలు నడపండి. తీరప్రాంతపు తేమలో తేలిన సవరణ సూత్రం కొండ మంచుకు యథాతథంగా వర్తించదు. కనీసం సెన్సర్ మనసు ఎటు మొగ్గుతుందో మాత్రం తెలుస్తుంది.

ఎక్కడ పెట్టాలి? అయిదు చోట్లు చాలు: కొండ కింద వాహనాలు ఆగే చోటు, ఘాట్ మధ్యలో ఇంజిన్లు ఎక్కువ శ్రమపడే మలుపు, పైన జనం గుమికూడే చోటు, రోడ్డుకు దూరంగా ఉన్న ఒక గూడెం, ఇక అయిదోది మీ ప్రయోగంతో సంబంధం లేని మరో కొండ. అయిదోదాని అవసరం చివర్లో తెలుస్తుంది, ఖర్చు అని తీసేయకండి. నేల నుంచి కనీసం మూడు మీటర్ల ఎత్తులో, చుట్టూ గాలి ఆడే చోట బిగించండి. టీ కొట్టు పొయ్యికీ, బొంగులో చికెన్ కాల్చే బండికీ దూరంగా ఉంచండి. లేకపోతే మీరు కొలిచేది పర్యాటకం కాదు, పక్క దుకాణం వ్యాపారం. సిగ్నల్ లేని చోట మెమరీ కార్డులో నమోదయ్యేది పెట్టి వారానికోసారి తీసుకోండి.

నాలుగో అడుగు: బండ్లను లెక్కపెట్టండి

సెన్సర్ల ముచ్చటలో పడి ఈ పని మరచిపోయేవారే ఎక్కువ. ఒక పుస్తకం, పెన్ను, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. రాత్రి రెండు నుంచి ఉదయం తొమ్మిది దాకా ప్రతి పావుగంటకు గడులు గీసి బైకులు, కార్లు, టెంపో ట్రావెలర్లు, జీపులు, బస్సులు, లారీలు విడివిడిగా గీతలు పెట్టాలి. ప్రతి పదో కారులో ఎంతమంది ఉన్నారో కూడా రాయండి. సీజన్లో కొన్ని శని, ఆదివారాలు, అంతే సంఖ్యలో మామూలు రోజులు కలిపి తీసుకోండి. కొత్త సంవత్సరం, సంక్రాంతి సెలవులను వేరే పుటలో రాయండి. వాటిని కలిపితే లెక్క చెడుతుంది.

ఊటీ, కొడైకెనాల్‌లో ఈ పనికే మద్రాసు హైకోర్టు ఈ-పాస్ పెట్టించింది. 2024 మే 7 నుంచి బయటి వాహనాల్లో ఎవరు వస్తున్నా ముందుగా నమోదు చేసుకోవాలి. మొదట అది లెక్క కోసమే. లెక్క చేతికొచ్చాక 2025 ఏప్రిల్ నుంచి ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు, కొడైకెనాల్‌కు 4,000, 6,000 అని పరిమితి పెట్టారు. వారు కూడా ముందు లెక్కపెట్టారు, తర్వాతే గేటు వేశారు.

అయిదో అడుగు: పొగ ఎవరిదో తేల్చండి

ఇప్పుడు సెన్సర్ల లెక్క, బండ్ల లెక్క రెండూ పక్కన పెట్టుకుని చదవండి. వాహనాలు పెరిగిన పావుగంటల్లోనే ఘాట్ మలుపు సెన్సర్ లేచి, దూరపు గూడెంలో లేవకపోతే అది వాహనాలది. సాయంత్రం ఏడింటికి గూడెంలో లేస్తే అది పొయ్యిలది. రాత్రి పదికి గుడారాల దగ్గర లేస్తే చలిమంటలది. ఫిబ్రవరి తర్వాత అన్ని చోట్లా కలిసి లేస్తే పోడు మంటలో, దూరం నుంచి వచ్చిన పొగో.

ఈ పనిలో నిజాయితీ ముఖ్యం. కార్లు ఆపినా మొత్తం పీఎం 2.5లో కొంతే తగ్గవచ్చు, ఎందుకంటే కట్టెల పొగ వాటా చిన్నది కాదు. ముందే గొప్పలు చెప్పుకుంటే తర్వాత తల దించుకోవాలి. పర్యాటకుల చలిమంటలను కార్లతో పాటే లెక్కలోకి తీసుకోండి. గుడారం బృందం నగరం నుంచి కారులో వచ్చి, చలి కాచుకోవడానికి మన్యం కట్టెలు కాల్చి, ఆ పొగను లోయలో వదిలి వెళ్లడాన్ని ప్రకృతి పర్యాటకం అని పిలవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆరో అడుగు: బస్సుల లెక్క, పాత జీపుల చిక్కు

కార్లను కింద ఆపి స్థానిక జీపుల్లో జనాన్ని పైకి తీసుకెళదాం, మనవాళ్లకు ఉపాధి కూడా దొరుకుతుంది అనే మాట ప్రతి సమావేశంలోనూ వస్తుంది. ఉద్దేశం మంచిదే. ఓసారి అంకెలు చూడండి.

బీఎస్ (భారత్ స్టేజ్) అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్ కార్లకు కిలోమీటరుకు ధూళి పరిమితి 4.5 మిల్లీగ్రాములు. బీఎస్-3 డీజిల్ కారుకు అదే పరిమితి 50. పాత జీపులు చాలావరకు ఆ కాలానివి, కొన్ని అంతకంటే పాతవి. ఒక పాత జీపు పదిమందిని ఎక్కిస్తే మూడు కార్లను తప్పించినట్టు. మూడు కొత్త కార్ల ధూళి 13.5 మిల్లీగ్రాములు, ఆ జీపుది 50. అంటే కార్లు ఆపి పొగను దాదాపు నాలుగింతలు చేసినట్టు! ఇవి ప్రయోగశాల పరిమితులు. మొదటి గేరులో ఘాట్ ఎక్కే బండి లెక్క వేరు, వచ్చే కార్లన్నీ కొత్తవీ కావు. అయినా ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది.

కాబట్టి జీపు యజమానులను పక్కకు నెట్టకుండానే బండి మార్పించాలి. కొండ కింద నుంచి పైకి జనాన్ని చేరవేసే షటిల్ బండ్ల పర్మిట్‌లో మొదటి హక్కు వారికే ఇచ్చి, బీఎస్-6 లేదా విద్యుత్ మినీబస్సులకే ఆ పర్మిట్ వర్తిస్తుందని రాయండి. సహకార సంఘంగా ఏర్పడితే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా రుణం అడిగే వీలుంటుంది. ఘాట్ రోడ్డుకు విద్యుత్ బస్సు పనికిరాదు అనేవారికి ఒకటే జవాబు: 2022 నుంచి తిరుపతి–తిరుమల మధ్య ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. పైగా దిగేటప్పుడు వాటి మోటారే బ్రేకుగా పనిచేసి బ్యాటరీకి కొంత కరెంటు తిరిగి ఇస్తుంది, బ్రేకు ధూళీ తగ్గుతుంది. టైరు ధూళి మాత్రం ఏ బండికీ తప్పదు.

ఇక ఎన్ని బస్సులు? ఒక ఉదాహరణ వేద్దాం. సూర్యోదయానికి 1,200 మందిని మూడున్నర నుంచి అయిదున్నర లోపల పైకి చేర్చాలి. ఎక్కడం, దిగడం కలిపి రాకపోకకు 50 నిమిషాలు. రెండు గంటల్లో ఒక బస్సు రెండు ట్రిప్పులు వేయగలదు. 25 సీట్ల బస్సు అయితే 50 మంది. 24 బస్సులు కావాలి, చెడిపోతే వాడుకోవడానికి రెండు అదనం. ఈ అంకె చూసి గుండె జారుతుంది. అప్పుడు బస్సులు పెంచడం కాదు, రద్దీని విడదీయడం ఆలోచించాలి. 400 మంది ముందురోజు సాయంత్రమే పైకి వెళ్లి గూడేల్లోని హోమ్‌స్టేల్లో ఉంటే 16 బస్సులతో సరిపోతుంది. ఆ రాత్రి అద్దె కూడా ఊరికే దక్కుతుంది. వేళల టికెట్లు ఇచ్చి కొందరిని ఏడింటికి పంపితే ఇంకా తగ్గుతాయి, మేఘసముద్రం సూర్యోదయంతోనే మాయమైపోదు కదా.

షటిల్ నడిపే తీరులో మన అయ్యప్ప భక్తులకు బాగా తెలిసిన నమూనా ఉంది. 2018 వరదల తర్వాత శబరిమల యాత్రకు నీలక్కల్ ప్రధాన మజిలీ అయింది. చాలా వాహనాలు అక్కడే ఆగుతాయి, పంబ దాకా కేరళ ఆర్టీసీ చైన్ సర్వీసులో వెళ్లాలి. సమయ పట్టిక కోసం చూడనక్కర్లేదు, బస్సు నిండగానే కదులుతుంది, వెనుక ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. తెల్లవారుజామున నిద్రకళ్లతో వచ్చే జనానికి సమయ పట్టిక కంటే ఈ పద్ధతే మేలు.

కొండ దాకా కారు లేకుండా రావడం అసలు ప్రశ్న. అరకుకు రైలుంది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాల మీదుగా వెళ్లే ఉదయపు రైలుకు 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టె కూడా ఉంది. బొర్రా గుహలు, అరకు స్టేషన్ల దగ్గర రైలు వేళకు బస్సు నిలబడి ఉంటే చాలామందికి కారు అవసరమే ఉండదు. పాడేరు, లంబసింగికి రైలు లేదు కనుక విశాఖ, నర్సీపట్నం నుంచి రాత్రి ఆర్టీసీ బస్సులు అడగాలి. తిరుగు ప్రయాణం సీటు ముందే ఖాయం కాకపోతే కుటుంబంతో వచ్చేవారు కారే ఎంచుకుంటారు. వారి తప్పేమీ కాదు.

ఏడో అడుగు: కింద ఆగే చోటు

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు పెట్రోలు, డీజిల్ కార్లు వెళ్లవు. అయిదు కిలోమీటర్ల ముందు టేష్ అనే ఊళ్లో ఆపి, పన్నెండు నిమిషాల రైలు ఎక్కాలి. రైలు దిగాక హోటళ్ల చిన్న విద్యుత్ బండ్లు సామానుతో సహా తీసుకెళతాయి. దీన్ని చూసి నేర్చుకోవాల్సింది రైలు గురించి కాదు, సామాను గురించి. పిల్లలు, పెద్దలు, పెట్టెలతో వచ్చినవారికి కింద నుంచి గది దాకా ఎవరు చేరుస్తారో తేలకపోతే ఎవరైనా ఎదురు తిరుగుతారు.

మరుగుదొడ్లు, వేడి టీ, వెలుతురు, ఆడవారు కూర్చునే చోటు, ఫోను చార్జింగ్. వీటికి లోటు చేయకండి. చలికి డ్రైవర్లు ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ హీటరు వేసుకుని నిద్రపోతారు. వంద బండ్లు అలా రాత్రంతా గుర్రుపెడితే పైన తగ్గించిన పొగ కింది ఊరికి పంపినట్టే. డ్రైవర్లకు పడకలున్న ఒక వెచ్చని గది కట్టి, నిలిపిన బండిలో ఇంజిన్ నడపకూడదన్న షరతును పార్కింగ్ రసీదు మీదే ముద్రించండి. మొదటి సెన్సర్ ఇక్కడ పెట్టమన్నది అందుకే.

ఎనిమిదో అడుగు: అనుమతి

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 115 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన అధికారి, ఒక ప్రాంతంలోనో రోడ్డు మీదనో వాహనాలను నిషేధించవచ్చు, పరిమితం చేయవచ్చు. ప్రజల భద్రత, సౌకర్యం, రోడ్డు స్వభావం అందుకు కారణాలు కావచ్చు. మనకు పనికొచ్చే మాట దాని చివర ఉంది: నిషేధం నెల రోజులకు మించకపోతే గెజిట్ ప్రకటన అవసరం లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. ప్రయోగానికి నెల రోజులు సరిగ్గా సరిపోతాయి. కలెక్టరును శాశ్వత నిషేధం అడగకండి, ఒక్క నెల అడగండి.

ఇది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం గ్రామసభకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. ముందుగా గ్రామసభలో తీర్మానం చేయించండి. ఎవరి కొండ మీద ఎవరి కార్లు ఆపాలో అక్కడి వారు చెప్పాలి, పట్నం సంఘాలు కాదు. రాత్రి వేళ వాహనాలు ఆపడం కొత్తేమీ కాదు, నల్లమలలో వన్యప్రాణుల కోసం శ్రీశైలం దారిలో అటవీ చెక్‌పోస్టులు రాత్రిపూట మూసేస్తుంటే అందరం అలవాటు పడ్డాం.

మినహాయింపులు తీర్మానంలోనే స్పష్టంగా రాయండి: స్థానికుల బండ్లు, అంబులెన్సు, బడి వాహనాలు, ఆర్టీసీ, కాఫీ, మిరియాలు, పసుపు తరలించే లారీలు. సంత రోజును మరిచిపోకండి. చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చే జనానికి ఆ రోజు బండి ఆగితే వారం సరుకు ఆగినట్టు.

తొమ్మిదో అడుగు: నెల రోజుల ప్రయోగం

డిసెంబరులో వారాంతాల్లో మాత్రమే, శనివారం రాత్రి పది నుంచి ఆదివారం ఉదయం పది దాకా మొదలుపెట్టండి. నవంబరు మొదట్లోనే హోటళ్లకు, ట్రావెల్ ఏజెన్సీలకు, విశాఖ బైకు బృందాలకు సమాచారం చేరాలి. నర్సీపట్నంలో, చోడవరంలో బోర్డులు పెట్టండి. కొండ కింద మాత్రమే బోర్డు పెడితే వంద కిలోమీటర్లు వచ్చినవాడు వెనక్కి వెళ్లడు, గేటు దగ్గర గొడవ పడతాడు.

మాథేరాన్ అనుభవాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మహారాష్ట్రలోని ఆ కొండ ఊళ్లో మోటారు వాహనాలు దస్తూరి నాకా దగ్గరే ఆగిపోతాయి, 2003లో దాన్ని పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించారు. గాలి బాగుంది కానీ, మనుషులను కూర్చోబెట్టుకుని మనుషులే లాగే రిక్షాలు అక్కడ ఏళ్ల తరబడి కొనసాగాయి. ఆ పద్ధతిని ఆరు నెలల్లో ఆపి ఈ-రిక్షాలు తేవాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎర్రమట్టి దారుల దుమ్ము సంగతి వేరే. అందుకని మొదటి రోజు నుంచే నడవలేనివారిని ఎలా తీసుకెళ్లాలి, దారి దుమ్మును ఎలా అణచాలి అన్నవి మీ పథకంలో ఉండాలి.

పదో అడుగు: ఫలితాన్ని సరిగ్గా లెక్కకట్టండి

ప్రయోగం ముగిశాక, ముందు నెల అంకె నుంచి ఈ నెల అంకె తీసేసి తేడా ప్రకటించేస్తారు. అది తప్పు. గాలి వీచినా వాన పడినా కూడా అంకె తగ్గుతుంది. అయిదో సెన్సర్ పని ఇక్కడే. ఉదాహరణకు మీ కొండ మీద తెల్లవారుజాము సగటు 62 నుంచి 45కు దిగింది, 17 తగ్గింది అనుకుందాం. ప్రయోగంతో సంబంధం లేని కొండ మీద అదే సమయంలో 40 నుంచి 33కు దిగింది. ఆ 7 వాతావరణం పుణ్యం. మీ ప్రయత్నం వల్ల తగ్గింది 10. ప్రకటనలో 10 అనే రాయండి, 17 అని కాదు.

కొండ కింది సెన్సర్ పెరిగితే దాన్నీ దాచకుండా రాయండి. హోమ్‌స్టేల గదులు ఎన్ని నిండాయి, దుకాణాల అమ్మకాలు ఎలా ఉన్నాయి, షటిల్‌కు సగటున ఎంతసేపు నిలబడాల్సి వచ్చింది అన్నవి అదే కాగితం మీద ఉండాలి. నిరీక్షణ ఇరవై నిమిషాలు దాటితే వచ్చే నెల బస్సులు పెంచాలి లేదా వేళల టికెట్లు ఇంకా విడదీయాలి. ఆ కాగితాన్ని తెలుగులో ఒకే పుటగా అచ్చువేసి గ్రామసభలో చదివి వినిపించండి. సెన్సర్ల పూర్తి లెక్కలను ఎవరైనా తీసుకుని సరిచూసుకునేలా పెట్టండి.

అంకె కదలకపోతే? అయిదో అడుగుకు తిరిగి వెళ్లండి. వాహనాల వాటా మీరు అనుకున్నంత లేకపోవచ్చు, అప్పుడు చలిమంటల మీద నియమం పెట్టి, హోమ్‌స్టేలకు గ్యాస్ పొయ్యిలు ఇప్పించడం ముందు చేయాలి. లేదా షటిల్‌లో పాత జీపులు దొంగచాటుగా దూరి ఉండవచ్చు, పర్మిట్ల జాబితా తీసి గేటు పుస్తకంతో సరిచూడండి. నైట్రోజన్ డయాక్సైడ్ ట్యూబుల్లో తగ్గి, సన్న ధూళి తగ్గకపోతే కార్ల పని సగం అయినట్టు, ఇక పొయ్యిల వంతు. జనవరి ముగిసేలోగా ఈ లెక్క తేలితే వచ్చే సీజన్‌కు గెజిట్ ప్రకటన అడిగే దరఖాస్తు ఫిబ్రవరిలోనే పెట్టవచ్చు. పోడు మంటలు మొదలయ్యాక అంకెలన్నీ కలిసిపోతాయి కనుక అప్పటిదాకా ఆగకండి.